తప్పు చేసినవాడి జబ్బా?

పురుషాంగానికి క్యాన్సర్ వస్తుందన్న సంగతే చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళలోనూ ఎక్కువమంది దాన్ని సుఖవ్యాధుల లెక్కలో వేసి, తిరుగుళ్ళు తిరిగినవాడికి తగిన శాస్తే జరిగిందని తేల్చేస్తారు. కర్మఫలం మీద నమ్మకమున్న సమాజంలో ఇది వింత కాదు. కుష్ఠు, క్షయ, ఎయిడ్స్ అన్నీ ఈ తీర్పు కింద నలిగినవే. కానీ తీర్పుకు ముందు సాక్ష్యం చూడాలి కదా. 2020 అంచనాల ప్రకారం ప్రపంచంలో ఏడాదికి సుమారు 36 వేల మంది ఈ జబ్బున పడుతున్నారు. పశ్చిమ యూరప్‌లో, అమెరికాలో లక్ష మంది మగవాళ్ళలో ఏటా ఒకరికి అటూ ఇటూగా వస్తుంది. మన పల్లెల్లో, ఆఫ్రికాలోని కొన్ని ప్రాంతాల్లో, బ్రెజిల్‌లో బాగా వెనకబడిన మరాన్యావ్ రాష్ట్రంలో అంతకంటే బాగా ఎక్కువ. ఇది నీతి తప్పినవాళ్ళ జబ్బే అయితే, నీతి అంతా ధనిక దేశాల్లోనే పోగుపడిందని ఒప్పుకోవాలి. పాశ్చాత్య సంస్కృతి మనల్ని చెడగొడుతోందని నిత్యం వాపోయే పెద్దలు ఆ మాట అనగలరా?

డెన్మార్క్ లెక్క ఇంకా సూటిగా ఉంటుంది. సున్తీ అయినవాళ్ళలో ఈ జబ్బు అరుదంటారు గాని, అక్కడ సున్తీ అయినవాళ్ళు నూటికి ఇద్దరు కూడా ఉండరు. 1940లలో లక్షకు 1.15గా ఉన్న ఈ క్యాన్సర్ 1990 నాటికి 0.82కు దిగింది. ఆ యాభై ఏళ్ళలో డేన్‌లు సున్తీకి మళ్ళలేదు, బ్రహ్మచర్యమూ పట్టలేదు. నిజానికి లైంగిక స్వేచ్ఛ పెరిగిన కాలమది. మారింది స్నానాల గది. 1940లో మూడో వంతు ఇళ్ళలో ఉండేది, 1990కి పదింట తొమ్మిది ఇళ్ళకు వచ్చింది. 1995లో ఈ లెక్కలు అచ్చువేసిన పరిశోధకులు కారణం ఇదే కావచ్చన్నారు గాని రుజువైందనలేదు. ఆ జాగ్రత్త మనమూ పాటిద్దాం. అయితే వైద్యం చెప్పే తక్కిన సంగతులన్నీ అటువైపే చూపిస్తున్నాయి. ముందోలు బిగిసిపోయి వెనక్కి రాకపోతే లోపల తెల్లటి పాచి, మూత్రపు తడి నిలిచిపోతాయి, ఏళ్ళ తరబడి వాపు ఉంటుంది, ఆ వాపులో కణాలు దారి తప్పవచ్చు. చుట్ట, బీడీ, నమిలే పొగాకు ఆ ముప్పును పెంచుతాయి. షుగరు ఉన్నవాళ్ళకు అక్కడ మాటిమాటికీ పుండ్లు పడి, నడివయసులో కొత్తగా ముందోలు బిగుసుకుపోవడం మామూలే. మన రెండు రాష్ట్రాల్లో షుగరు ఎంత ఉందో చెప్పనక్కర్లేదు.

శుచి గురించి మనకంత పట్టింపు ఉంది కదా, మరి ఇదెలా వస్తుందని అడగవచ్చు. మన మడి ఎవరు ముట్టుకున్నారో చూస్తుంది, ఒంటి మీద ఏ బట్ట ఉందో చూస్తుంది. ముందోలు వెనక్కి తీసి కడుక్కోవాలని అబ్బాయికి చెప్పమని మాత్రం ఏ ఆచారమూ తండ్రికి చెప్పదు. పల్లెలో బోరింగు దగ్గర మగవాళ్ళ స్నానం చూడండి. నడుముకు తువ్వాలో, ఒంటి మీద నిక్కరో ఉంటుంది, చుట్టూ నలుగురుంటారు. సబ్బు వీపుకు, చంకలకు, కాళ్ళకు పోతుంది. తువ్వాలు కింద రెండు చెంబులు గుమ్మరించి ముగిస్తారు. చాటు లేనిచోట అంతకు మించి ఎలా కడుగుతారు? కాబట్టి రోగిని మురికివాడని తిట్టడం కూడా అన్యాయమే. పాపం పోయి మురికి వచ్చిందంతే, నిందించే బుద్ధి అలాగే ఉంది.

ఇక్కడ రెండు అభ్యంతరాలు వస్తాయి. హెచ్‌పీవీ వైరస్ లైంగిక సంబంధం వల్లే సోకుతుంది, అది ఈ క్యాన్సర్‌కు కారణం, కనుక నీతిమాటలో నిజం లేదా అని ఒకటి. ఈ క్యాన్సర్లలో సుమారు సగానికే ఆ వైరస్‌తో సంబంధం కనబడుతుంది. మిగతా సగాన్ని ఏ పాపం ఖాతాలో వేస్తారు? పైగా లైంగిక జీవితం ఉన్నవాళ్ళలో చాలామందికి అది ఎప్పుడో ఒకప్పుడు సోకి పోతుంది, పెళ్ళాడిన మనిషి ఒక్కరితోనే కాపురం చేసినా సోకగలదు. రెండోది మతం వైపు నుంచి వస్తుంది: చిన్నప్పుడు సున్తీ అయినవాళ్ళలో ఈ క్యాన్సర్ బాగా అరుదు, కాబట్టి మా ఆచారం శాస్త్రీయం అని. రక్షణ ఉన్నమాట నిజమే. కానీ అది ముందోలు బిగుసుకోకపోవడం వల్ల వచ్చిన రక్షణ, మంత్రం వల్ల వచ్చింది కాదు. డెన్మార్క్‌లో సున్తీ లేకుండానే ఈ క్యాన్సర్ తగ్గింది. దీనికి ఎదురుగా, డాక్టరు తీయాలన్న ముందోలును అది వేరే మతం గుర్తని తీయించుకోని మూర్ఖత్వం కూడా మన దగ్గర ఉంది. పసివాళ్ళకు ముందోలు అంటుకుని ఉండటం సహజం, బలవంతంగా లాగకూడదు. పెద్దయ్యాకా బిగుసుకునే ఉంటే చాలామందికి స్టెరాయిడ్ పూతమందు సరిపోతుంది, లేదంటే మత్తు సూదితో చిన్న ఆపరేషన్.

అసలు ప్రాణం తీసేది దాపరికం. ముందోలు కింద మానని పుండు, కాయ, దుర్వాసన, నెత్తురు కనబడగానే మనిషికి మొదట గుర్తొచ్చేది రైలు కట్ట పక్క గోడల మీది సుఖవ్యాధుల ప్రకటన. క్యాన్సర్‌కూ సుఖవ్యాధులకూ మందులున్నాయని ప్రకటించడాన్ని 1954 చట్టం నిషేధించింది, గోడలు మాత్రం ఆ చట్టం చదువుకోలేదు. వేడి చేసిందని కొన్నాళ్ళు, పసరు పూతలతో కొన్నాళ్ళు గడిచాక గజ్జల్లో బిళ్ళ కడుతుంది, దాన్ని కాలికి గుచ్చుకున్న ముల్లు మీదికి నెట్టేస్తారు. గజ్జలకు పాకకముందు వస్తే అయిదేళ్ళకు పైన బతికేవాళ్ళు నూటికి ఎనభై అయిదుకు తగ్గరు. పొత్తికడుపు గ్రంథులకు చేరాక ఇరవై మంది కూడా మిగలరు. అప్పుడు కోసినా మనిషి దక్కకపోతే, కత్తి తగలబట్టే క్యాన్సర్ చెలరేగిందని ఊళ్ళో మరో నమ్మకం పుడుతుంది. ముక్క తీసి పరీక్ష చేస్తే జబ్బు పాకదు. ఆలస్యంగా వచ్చినవాడే ఎక్కువగా చనిపోతున్నాడు, నింద కత్తి మీద పడుతోంది. మగతనం పోతుందన్న భయానిదీ ఇదే కథ. మొదట్లో వస్తే ముందోలుతోనో, మొన మీది చిన్న ముక్కతోనో సరిపోయేది, దాచిపెట్టాక అంగం మొత్తం తీయాల్సి వస్తుంది.

హెచ్‌పీవీకి టీకా ఉంది కదా అంటే ఖమ్మం గుర్తుచేస్తారు. చేయాలి కూడా. 2009లో అక్కడి గిరిజన బాలికలకు హెచ్‌పీవీ టీకా వేశారు, కొందరు చనిపోవడంతో 2010లో ఆపేశారు. చావులకు టీకా కారణం కాదని విచారణలో తేలింది, కానీ తల్లిదండ్రుల బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతీ బయటపడింది. ఆ అన్యాయాన్ని కప్పిపుచ్చే హేతువాదం హేతువాదం కాదు. అయితే అనుమతి పత్రంలో జరిగిన మోసం సీసాలోని మందును విషం చేయదు. 2022లో అనుమతి పొందిన పుణే టీకా సెర్వావాక్‌ను అబ్బాయిలకూ వేయవచ్చు, కాకపోతే మగపిల్లల కోసం అడిగే తల్లిదండ్రులు అరుదు.

పెద్దాసుపత్రులు లేనిచోట జబ్బును ముందే పట్టుకోవడం ఎలా సాధ్యమనేది చివరి అభ్యంతరం. ఈ జబ్బు విషయంలో అది అంత బలమైంది కాదు. ఇది లోపలి అవయవానికి వచ్చేది కాదు, స్కానింగ్ లేకుండానే కంటికి కనబడుతుంది, చేతికి తగులుతుంది. ముప్పై దాటినవాళ్ళకు ప్రభుత్వం చేసే పరీక్షల్లో షుగరు, బీపీతో పాటు నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్లు ఉన్నాయి, ఇది మాత్రం లేదు. షుగరు మాత్రల కోసం ప్రతినెలా పీహెచ్‌సీ మెట్లెక్కే మగవాణ్ణి ముందోలు వెనక్కి వస్తోందా, పుండేమైనా ఉందా అని అడగడానికి కావలసింది ఒక తెర, ఒక జత గ్లవుజులు, సిగ్గుపడకుండా అడగగల ఒక ఆరోగ్య కార్యకర్త.