నడక పిల్లలది, లెక్క పెద్దలది



వాకథాన్ కార్డు పిల్లల సంచిలో కనబడగానే మీలో చాలామంది అనుకునే మాట నాకు తెలుసు: "ఇది ఇంకో ఫీజా?" టర్మ్ ఫీజు, బస్సు ఫీజు కట్టిన చేతికి అలా అనిపించడంలో తప్పేమీ లేదు. ఒక టీచరుగా నేనూ అదే అంటాను. కార్డు మొత్తం నాన్నే నింపి పంపిస్తే అది ఫీజే. పిల్లవాడు నలుగురిని అడిగి, తన కాళ్లతో నడిచి తెస్తేనే విరాళం.

నడిచి అడగడం మన నేలకు కొత్త కాదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లి చేరినప్పుడు అక్కడి దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలన్నాయి. వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానన్నారు. ఎవరికి, ఎంత, ఎందుకు అన్నది తేటగా తెలిస్తే మనవాళ్ల చెయ్యి వెనక్కి పోదు. 1980లో కెనడాలో టెర్రీ ఫాక్స్ అనే కుర్రవాడు క్యాన్సర్ పరిశోధన కోసం కృత్రిమ కాలితో 143 రోజులు పరుగు తీశాడు. అతను కోరింది దేశంలో మనిషికి ఒక్క డాలరు.

ఇంతకుముందు నేను పనిచేసిన ఒక బడిలో ఎక్కువ డబ్బు తెచ్చినవారికే బహుమతి ఇచ్చారు. షాపు ఉన్న ఇంటి బాబు స్టేజీ ఎక్కాడు. పొగాకు కూలీల దగ్గర ఐదూ పదీ అడిగి అరవై రూపాయలు తెచ్చి, అందరికంటే ఎక్కువ రౌండ్లు నడిచిన పిల్లవాడు కార్డు సంచిలోంచి బయటికే తీయలేదు. ఆ తప్పు ముండ్లమూరులో జరగకూడదు.

అందుకే నా సూచనలు ఇవి. తరగతికి ఇంత అని టార్గెట్ వద్దు. బహుమతి నడిచిన రౌండ్లకే ఇవ్వాలి. కార్డు తేని పిల్లలు కూడా అదే వరుసలో నడవాలి. తాతయ్యనో, మేనమామనో, పక్కింటి అత్తనో "రౌండుకు రెండు రూపాయలు ఇస్తారా?" అని పిల్లలే తమ నోటితో అడగాలి. తెలియని ఇళ్లకు ఒంటరిగా పంపకండి. నడక ఎండ ఎక్కకముందే ముగియాలి.

ఇక డబ్బు దేనికి? ఒకే పని పెట్టుకుందాం: దగ్గరలోని ఒక ప్రభుత్వ బడికి మంచినీళ్లు. పశ్చిమ ప్రకాశంలో ఫ్లోరైడ్ బాధ మనకు కొత్తగా చెప్పాల్సింది కాదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు. కాచినా, మామూలు క్యాండిల్ ఫిల్టరులో పోసినా ఫ్లోరైడ్ పోదు. కాబట్టి ముందు నీటి పరీక్ష, తర్వాత ఆర్‌ఓ ప్లాంటు, దాని మరమ్మతుకు కొంత నిల్వ.

ఐదు రూపాయలకైనా రసీదు ఇవ్వాలి. వసూలు, ఖర్చు పైసాతో సహా ఇదే పత్రికలో అచ్చు వేయాలి. అది మా బాధ్యత. వేయకపోతే వచ్చే ఏడు కార్డు ఖాళీగా తిప్పి పంపండి. ఆ హక్కు మీది.