సైకిలు గోడకెక్కితే చాలదు!

ఇల్లు చిన్నదైతే ముందుగా బయటికి పోయే వస్తువేది? నన్నడిగితే ఆడపిల్ల సైకిలే అంటాను. టీవీకి నట్టింట్లో చోటుంటుంది. నాన్న బండికి వసారాలో నీడ ఉంటుంది. బీరువా జరగదు, మంచం కదలదు. అమ్మాయి సైకిలు మాత్రం చూరు కింద సగం ఎండలో, సగం వానలో! రెండు వానాకాలాలు గడిచేసరికి చైను తుప్పు పట్టి, టైర్లు బీటలు వారి... "ఇంకెందుకిది, పాత ఇనుముకిచ్చేద్దాం" అనే మాట వినబడుతుంది.

పోయేది ఇనుమొక్కటేనా? మా పెద్దపంజాణి మండలంలో పల్లెలు దూరదూరంగా ఉంటాయి. చిన్న బడి ఊళ్లోనే ఉన్నా, హైస్కూలు అయిదు కిలోమీటర్లలోపు ఉంటే చాలన్నది ప్రభుత్వ లెక్క. పోను అయిదు, రాను అయిదు... ఎదిగిన పిల్ల రోజూ నడవాలంటే ఏ తల్లికైనా బెంగే. "చదివింది చాల్లే" అనే మాట పుట్టేది అక్కడే.

2006లో బీహార్‌లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిలు కొనుక్కోమని ప్రభుత్వం డబ్బులిచ్చింది. తర్వాత ఆర్థికవేత్తలు లెక్క తీస్తే, హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగారని తేలింది. మన రాష్ట్రంలోనూ 2017లో 'బడికొస్తా' పేరుతో ప్రభుత్వ బడుల్లో తొమ్మిదో తరగతి అమ్మాయిలకు సైకిళ్లిచ్చారు. అంతకు చాలా ముందే, 1990ల మొదట్లో, పక్కనున్న తమిళనాడులో పుదుక్కోట్టై ఆడవాళ్లు వేలమంది సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలారాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలోనే సైకిలునూ చేర్చారు మరి!

సర్కారు సైకిలివ్వగలదు గానీ, మనింట్లో చోటివ్వలేదు కదా? అది మన పని. నేలమీద జాగా లేకపోతే గోడ ఉంది. ఆడపిల్లల సైకిలుకు పైన అడ్డ రాడ్డు ఉండదు కాబట్టి, రెండు చేతుల్లా ఉండే స్టాండు మీద అది సరిగ్గా కూచోదు. ముందు చక్రాన్ని కొక్కేనికి తగిలించి, వెనకవైపు నేలకు ఆనేలా నిలబెట్టడం మేలు. అప్పుడు నేలమీద పోయే వెడల్పు హ్యాండిల్‌ అంతే, సుమారు రెండడుగులు. ఇటుక గోడకైతే మామూలు మేకు కాదు, బోల్టు బిగించిన కొక్కెమే వేయించండి. మట్టిగోడ ఆ బరువు మోయదు, దాని జోలికి పోవద్దు. మంచాన్ని ఓ జానెడు జరిపైనా సైకిలును లోపలే నిలపండి.

అసలు నేను చెప్పదలచుకున్నది ఇంకొకటుంది. గోడకెక్కించాం కదా అని సంబరపడితే చాలదు. ఎంత ఎత్తున అన్నదే ముఖ్యం! చాలా ఇళ్లలో అడ్డం తొలగితే చాలని తలకు మించిన ఎత్తున తగిలించేస్తారు. మామూలు సైకిలు పదిహేను, ఇరవై కిలోలుంటుంది. అంటే ఖాళీ గ్యాస్ బండ అంత, ఒక్కోసారి ఇంకాస్త ఎక్కువే. పద్నాలుగేళ్ల పిల్ల దాన్ని తలపైనుంచి దించగలదా? నాన్న లేవాలి, లేదా అన్న రావాలి. వాళ్లు ఇంట్లో లేని పొద్దు బడి లేనట్టే! ఒకరు దించిపెడితే తప్ప ఎక్కలేని సైకిలు ఆమెది ఎలా అవుతుంది చెప్పండి?

"రోజూ ఎవరో ఒకరు దించుతారులే" అంటారేమో. పొలం పనులున్న రోజు? పాలకేంద్రానికి పోయిన పొద్దు? అమ్మాయి అడగడానికే మొహమాటపడిన రోజు? అలాంటి రోజులే ఒకటొకటిగా కలిసి హాజరు పట్టీలో గైర్హాజరవుతాయి.

అందుకే కొక్కెం కొట్టే ముందు అమ్మాయిని గోడ దగ్గర నిలబెట్టండి. "నీకు ఎక్కడ అందుతుందమ్మా?" అని అడగండి. సైకిలును ఆమె చేతే ఒకసారి ఎత్తించి, దింపించి చూడండి. ఆమె ఒంటరిగా దించుకోగలిగిన చోటే సరైన చోటు. ఏమంటారు?