మైనస్ అని కొట్టేసే ముందు

ఇంటర్ మొదటి సంవత్సరం ఫిజిక్స్ క్లాసులో తరచూ వినపడే మాట ఒకటుంది: "కాలం నెగటివ్ ఉండదు కాబట్టి ఆ విలువ వదిలేయండి." సరళరేఖలో గమనం పాఠం మొదలైన కొద్దిరోజులకే అది పిల్లల చేతికి అలవాటైపోతుంది. వర్గ సమీకరణం సాధిస్తారు, రెండు మూలాలొస్తాయి, మైనస్ ఉన్నదాని మీద అడ్డగీత పడుతుంది. మార్కులూ పడతాయి. ఆ గీతకు చెప్పే కారణం తప్పని నా వాదన. జవాబు చాలాసార్లు సరిగ్గానే వస్తుంది గనక ఆ తప్పు బయటపడదు.

40 మీటర్ల మేడ అంచు నుంచి ఒక బంతిని సెకనుకు 10 మీటర్ల వేగంతో నిట్టనిలువుగా పైకి విసిరామనుకుందాం. గురుత్వ త్వరణం 10, గాలి ఊసు వద్దు. నేలను ఎప్పుడు తాకుతుంది? టీ సెకన్లకు బంతి ఎత్తు 40 + 10టీ − 5టీ². దాన్ని సున్నా చేసి సర్దితే టీ² − 2టీ − 8 = 0. మూలాలు 4, −2. నాలుగో సెకనుకి నేల తాకుతుంది, సరే. మరి మైనస్ రెండు? బంతి చెయ్యి వదిలిన క్షణాన మనం గడియారం నొక్కాం, అంతే. అంతకుముందు కాలం లేదని ఎవరన్నారు? మైనస్ రెండంటే విసరడానికి రెండు సెకన్ల ముందు. ఆ క్షణాన నేల మీదినుంచి సెకనుకు 30 మీటర్ల వేగంతో ఒక బంతి బయల్దేరి ఉంటే, మేడ అంచు దగ్గరికొచ్చేసరికి దాని వేగం సరిగ్గా 10 ఉండేది. అక్కణ్ణుంచి ఆ బంతి దారీ మన బంతి దారీ ఒకటే. బంతిని మేడ మీద ఎవరో విసిరారన్న సంగతి సమీకరణానికి మనం చెప్పలేదు. చెప్పని సంగతి దానికెలా తెలుస్తుంది?

ఇక్కడితో ఆగితే ఇదేదో వేదాంతమని పక్కన పెట్టొచ్చు. ఆగకుండా అదే బంతిని అదే వేగంతో కిందికి విసిరి చూడండి. టీ² + 2టీ − 8 = 0 వస్తుంది. మూలాలు 2, −4. అవే అంకెలు, గుర్తులు మాత్రం తారుమారు. మొదటి లెక్కలో మనం కొట్టేసిన రెండే ఈ లెక్కకు జవాబు!

కథ ఇంకా ఉంది. ఎంసెట్ కోచింగ్ నోట్సుల్లో ఒక షార్ట్‌కట్ బట్టీ పట్టిస్తారు. ఒకే వేగంతో పైకి విసిరితే పట్టే కాలాన్నీ కిందికి విసిరితే పట్టే కాలాన్నీ గుణించి వర్గమూలం కట్టండి, ఊరికే వదిలేస్తే పట్టే కాలం వచ్చేస్తుంది. మన లెక్కలో 4, 2ల లబ్ధం 8. దాని వర్గమూలం సుమారు 2.83 సెకన్లు. నిజమే, 40 మీటర్లు పడడానికి అంతే పడుతుంది. ఈ మహిమ ఎక్కడిది? మూలాల లబ్ధం స్థిరపదంతో తేలుతుందని పదో తరగతిలోనే చదివారు. ఇక్కడ అది −8. విసిరిన వేగం మధ్య పదంలో మాత్రమే ఉంటుంది గనక, వేగం ఎంతైనా, పైకైనా కిందికైనా ఈ లబ్ధం మారదు. ఊరికే వదిలేస్తే ఆ వేగం సున్నా, అంతే తేడా. అంటే ఒక చేత్తో మూలాన్ని చెత్తబుట్టలో వేసి, రెండో చేత్తో దాన్నే ఏరి షార్ట్‌కట్ పేరుతో అమ్ముతున్నాం.

సరే, మైనస్ సూత్రం అర్థం లేనిదైనా పని జరుగుతోంది కదా అనేవారికి ఈ లెక్క. గంటకు 72 కిలోమీటర్లు, అంటే సెకనుకు 20 మీటర్ల వేగంతో పోతున్న బస్సుకు డ్రైవరు బ్రేకు వేశాడు. వేగం సెకనుకు 5 చొప్పున తగ్గుతోంది. బస్సు 30 మీటర్ల దూరంలో ఎప్పుడుంటుంది? టీ² − 8టీ + 12 = 0. మూలాలు 2, 6. రెండూ ప్లస్సే. ఇప్పుడేది కొట్టేస్తారు? బస్సు నాలుగో సెకనుకే 40 మీటర్ల దగ్గర ఆగిపోయింది. బ్రేకు బస్సును ఆపుతుంది, వెనక్కి నెట్టదు. కాబట్టి 6 అబద్ధం. అవే అంకెలు ఉంచి బస్సు తీసేసి, ఘర్షణ లేని 30 డిగ్రీల వాలు మీద ఎక్కుతున్న దిమ్మను పెట్టండి. అదే సమీకరణం, అవే మూలాలు. ఈసారి 2, 6 రెండూ నిజం. దిమ్మ ఎక్కుతూ ఒకసారి, దిగుతూ ఒకసారి ఆ చోటు దాటుతుంది.

మూలాన్ని నిరాకరించడం కొత్తేమీ కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు బీజగణితంలో కోతుల గుంపు లెక్క ఇచ్చాడు. గుంపులో అయిదో వంతులోంచి మూడు తీసి వర్గం చేస్తే వచ్చినన్ని కోతులు గుహలోకెళ్లాయి, ఒకటి మిగిలింది. మూలాలు 50, 5. అయిదును ఆయన ఒప్పుకోలేదు. అయిదులో అయిదో వంతు ఒకటి, అందులోంచి మూడు ఎలా తీస్తాం? గమనించండి, ఆయన తోసేసింది ప్లస్ గుర్తున్న మూలాన్ని, అదీ కోతుల దగ్గరికి తీసుకెళ్లి చూసి. మన క్లాసుల్లో గుర్తు చూడగానే గీత పడుతుంది.

మాస్టార్ల ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ఎంసెట్ పేరు ఈఏపీసెట్‌గా మారినా 160 ప్రశ్నలు, 180 నిమిషాలు. అక్కడ కూచుని రెండో మూలం భావమేమిటని విచారించమని నేనూ అనను. అడిగేది క్లాసు గురించి. సమీకరణం రాసినప్పుడే దాని పక్కన, ఇది ఎప్పటినుంచి ఎప్పటివరకు చెల్లుతుందో ఒక వరుస రాయించండి. బంతికి సున్నా నుంచి నాలుగు, ఆ తర్వాత నేల అడ్డం. బస్సుకూ సున్నా నుంచి నాలుగే, కానీ అక్కడ అడ్డమేమీ లేదు, ఆగిపోయిందంతే. దిమ్మ బయల్దేరిన చోటికి తిరిగొచ్చేది ఎనిమిదో సెకనుకి, కాబట్టి దానికి ఎనిమిది దాకా చెల్లుతుంది.