చప్పట్ల పందెం
జట్లు దేశదేశాలు తిరుగుతూ పోటీపడే టీవీ షో ‘ది అమేజింగ్ రేస్’ ఆరో సీజన్‌లో ఒకమ్మాయి స్వీడన్ పొలంలో గంటల తరబడి గడ్డి చుట్టలు విప్పుతూనే ఉండిపోయింది. లోపల దాచిన చీటీ దొరకలేదు, జట్టు ఇంటిదారి పట్టింది. ఆ ఘట్టాన్ని అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు. నాకు మాత్రం అది నాసిరకం పందెం. అదే గడ్డి తెచ్చి నిజామాబాద్‌లో పరిచినా ఆట ఇసుమంతైనా మారదు కదా! ఊరు మార్చినా నడిచే పందెంలో ఊరు ఉత్త వెనక తెర. మన దేశానికొచ్చిన జట్లకి దండ వేసి, బొట్టు పెట్టి, నాలుగు స్టెప్పులేయించడమూ ఆ బాపతే. ఈ షో 32వ సీజన్‌లో హైదరాబాద్‌కీ వచ్చింది. నన్నడిగి ఉంటే గోల్కొండ ఇచ్చేవాణ్ణి. కోట ద్వారం దగ్గర గుమ్మటం కింద చప్పట్లు కొడితే కొండమీది బాలా హిస్సార్‌లో వినిపిస్తాయి. జట్టులో ఒకరు కింద నిలబడి అంకెల్ని చప్పట్లుగా పంపాలి. మరొకరు కోట మెట్లన్నీ ఎక్కి, ఎగశ్వాస అణుచుకుని, చెవొగ్గి లెక్కపెట్టి ఆ అంకెలతో తాళం తీయాలి. ఈ పందేన్ని ఇంకెక్కడికీ మోసుకుపోలేరు, కోటే ఆడిస్తుంది. షూటింగ్ వాళ్లు ముందు సందర్శకుల్ని ఆపేద్దామంటారు, నేనొప్పుకోను. ప్రతి గైడూ అదే గుమ్మటం కింద చప్పట్లు కొడుతూనే ఉంటాడు. ఏవి తమవో పైనున్నవాడు తేల్చుకోవాలి, లేదా కిందున్నవాడు “భాయ్, జర ఆగవా” అని గైడును బతిమాలుకోవాలి.