గురి వెలకు దొరకునా?

1976వ సంవత్సరమున అమెరికాయందలి కొలంబియా పట్టణమున జెఫ్ కూపర్ ప్రభృతులు ప్రాక్టికల్ షూటింగు పోటీలకు అంతర్జాతీయ సమాఖ్యను నెలకొల్పినప్పుడు గురి, బలము, వేగము అను మూటినే ఆదర్శముగ నుంచిరి. ధనమును నాలుగవదిగ చేర్చలేదు. నేడో, ఈ క్రీడలో అడుగిడు యువకుడు మొదట అంగడికి పరుగిడుచున్నాడు. పిస్తోలుపై చుక్కజూపు అద్దమును, గొట్టపుమొనకు కాంపెన్సేటరును తగిలించి వర్తకుడు విజయమునే విక్రయించుచున్నాడు. ఇది భ్రమ!

గణితమే సాక్షి. ఈ పోటీలలో వచ్చిన మార్కులను పట్టిన సెకండ్లతో భాగింతురు. నడిమి మండలమున తగిలిన గుండునకు, ఏ పిస్తోలుదైనను, 5 మార్కులే. గుండు బరువును గ్రెయినులలోను, వేగమును సెకండునకు అడుగులలోను గైకొని, గుణించి, 1000తో భాగింపగా 125 వచ్చిన అల్పబలము. స్టాండర్డు తరగతిలో 170 వచ్చిన అధికబలము. నడిమి మండలము తప్పి ప్రక్కమండలమున తగిలిననే అధికబలమునకు 3కు మారుగా 4 మార్కులు. అనగా బలమును కొనువాడు తన తప్పునకు తగ్గింపును కొనుచున్నాడు. దానికి వెల ఎదురుతన్ను!

పరికరములు లేక ఓపెన్ తరగతిలో నిలువవచ్చునా యందురేమో. ఆ తరగతి యేర్పడినదే పరికరములకొరకు. సామాన్యునికి ప్రొడక్షను తరగతి యున్నది కదా!

పిడి అరచేత నిముడునా? వ్రేలు మీటను సూటిగ లాగగలదా? వాడబోవు తూటాలతోనే గురి సరిచూచితిరా? ప్రతి తూటాయు తప్పక పేలుచున్నదా? ఈ పరీక్షల పిదపనే అలంకారములు. మీటను మితిమీరి తేలిక చేయుట నేర్పు కాదు. అనుకొనని వేళ పేలిన పిస్తోలునకు బహిష్కారమే శిక్ష.

యువకులారా! మిగిలిన ధనమును తూటాలకు, సాధనకు వెచ్చింపుడు. పిస్తోలు అంగట దొరకును, గురి దొరకదు.