పాత బండి, దాచిన లోపం

ఆమదాలవలస నుండి ఒక సోదరుడు ఇలా వ్రాశారు: “అమ్మను చికిత్స కోసం తరచు విశాఖపట్నం తీసుకువెళ్ళవలసి వస్తున్నది. మా చిన్న కారుకు ఎండాకాలంలో ఇంజను వేడెక్కుతున్నది. దాన్ని అమ్మి, వడ్డీ అప్పు జోలికి పోకుండా, కూడబెట్టిన సొమ్ముతో పాత హారియర్ గానీ జీప్ కంపాస్ గానీ కొనదలిచాను. ఏది నమ్మదగినది?”

సోదరా! బండి పేరు కంటే ముందు అది గడిపిన జీవితాన్ని విచారించండి.

పాత హారియర్లు దాదాపు డీజిలువే. కంపాస్‌లో పెట్రోలువీ దొరుకుతాయి. 2020 ఏప్రిల్ నుండి అమలైన బి.ఎస్.6 డీజిలు బండ్లలో పొగలోని మసిని పట్టే వడపోత ఉంటుంది. దూరప్రయాణంలో ఇంజను బాగా వేడెక్కినప్పుడే ఆ మసి సరిగా కాలిపోతుంది. మీ విశాఖ ప్రయాణాలకు డీజిలు అనుకూలమే. అయితే పాత యజమాని దాన్ని వీధుల్లోనే త్రిప్పి ఉంటే, వడపోత మూసుకుపోయి పెద్ద ఖర్చు మీ నెత్తిన పడుతుంది. సర్వీసు రికార్డు పూర్తిగా చూడండి.

మనది తుఫానుల తీరం. 2014 హుద్‌హుద్‌నూ 2018 తిత్లీనీ మరువలేము. సీటుబెల్టును చివరిదాకా లాగి బురద చారలున్నాయేమో, స్టెప్నీ గుంతలో తుప్పున్నదేమో పరిశీలించండి. ఉదయం ఇంజను చల్లగా ఉన్నప్పుడే వెళ్ళండి. వేడెక్కిన ఇంజను తన రోగాన్ని దాచగలదు. అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌ను వెంట తీసుకువెళ్ళండి.

కాగితాల విషయంలో అలసత్వం వద్దు. యాజమాన్య మార్పిడికి 29, 30 ఫారాలు, పాత అప్పు తీరినట్లు 35వ ఫారం కావాలి. మీ చిన్న కారును కూడా పేరు మార్పించే అప్పగించండి. రిజిస్టరులో పేరున్నవారే ప్రమాదానికి బాధ్యులని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇక మీ ఉత్తరంలో మీరు అడగని ప్రశ్న ఒకటున్నది. దైవప్రవక్త (స) అంగడిలో ఒక ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలింది. తడిసిన గింజలను అందరికీ కనబడేలా పైన ఉంచక దాచినందుకు ఆ వర్తకుణ్ణి మందలించారు. మీ కారు ఇంజను వేడెక్కే సంగతి కొనేవారికి చెబుతారా? చెబితే ధర కొంత తగ్గవచ్చు. కానీ రేపు ఆ కారులోనూ ఎవరో ఒకరు తమ తల్లిని ఆసుపత్రికి తీసుకువెళతారు. మీరు కొనబోయే బండి యజమాని నుండి ఏ నిజాయితీని ఆశిస్తున్నారో, దాన్ని ముందు మీ వాకిటనే మొదలుపెట్టండి.