రద్దయిన ప్రయాణం

ఈ వారం నా ఫిర్యాదు జపాను దేశం మీద. సిరిసిల్లలో కూచుని జపాను మీద ఫిర్యాదేమిటయ్యా అని మీరు నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు. మా ఇంటావిడ ముందే నవ్వేసింది. అయినా సంగతి కాస్త వినండి.

మా మనవరాలు మొన్ననే పదో తరగతి పరీక్షలు రాసింది. పిల్లకు గొంతు వుంది. తాతను గనక అంటున్నానని కొట్టిపారెయ్యకండి. మా వీధిలో పొద్దస్తమానం సాంచల మోత. మరమగ్గాలను మా వూళ్లో సాంచలంటారు. ఆ మోత వున్నంతసేపూ ఎవరికీ వినపడదనే ధైర్యంతో పిల్ల గొంతెత్తి పాడుకుంటుంది. కరెంటు పోయి సాంచలన్నీ ఒక్కసారి ఆగినప్పుడు సగం చరణం వీధిలోకి జారిపడుతుంది. అప్పుడు వినాలి! ఆ మరుక్షణమే నాలిక కరుచుకుని ఇంట్లోకి పారిపోతుంది. బళ్లో రెండుసార్లు వేదిక ఎక్కించారు. రెండుసార్లూ ఏడుస్తూ దిగింది.

ఇలాంటి పిల్లకు నిరుడు వేసవి సెలవుల్లో ఫోనులో ఒక జపాను బొమ్మల కథ తగిలింది. పేరు ‘లవ్ లైవ్! సూపర్ స్టార్!!’. మాటలు జపానువి, అడుగున ఇంగ్లీషు అక్షరాలు. నాకు మాట అర్థం కాదు, ఆమెకు ఒంటరిగా చూడటం తోచదు. అంచేత ఆమె అర్థం చెప్పేది, నేను పక్కన కూచునేవాణ్ణి. ఈ బొమ్మల కథలను ఆనిమే అంటారుట. చిన్నపిల్లల కార్టూనే అనుకుని కూచున్నవాణ్ణి, మూడో వారం కథ వచ్చేసరికి కళ్లజోడు తుడుచుకుంటున్నాను.

టోక్యోలో కానోన్ అని ఒక పిల్ల. చక్కగా పాడుతుంది, కాని నలుగురి ముందు నిలబడితే గొంతు పెగలదు. అందువల్లనే యుయిగవోక అనే కొత్త బళ్లో సంగీతం శాఖ ప్రవేశ పరీక్ష తప్పి, మామూలు శాఖలో చేరింది. షాంఘై నుంచి వచ్చిన కూకూ అనే ఇంకో పిల్ల, వీధిలో కానోన్ పాట విని వెంటపడుతుంది. అక్కడ బడిపిల్లలే జట్టు కట్టి పాడి ఆడే పోటీలున్నాయి. ఒకరొకరే చేరి జట్టు అయిదుగురవుతుంది. నలుగురు పక్కనుంటే కానోన్ కు భయం లేదు. కాని ఒంటరిగా? చిన్నప్పుడు ఏ వేదిక మీద గొంతు పూడుకుపోయిందో, ఆ పాత బడికే మళ్లీ వెళ్లి, తోడు లేకుండా నిలబడి పాడుతుంది. ఆ పై వారం పోటీలో జట్టు ఓడిపోతుంది కూడా! ఓటమితో కథ ముగించడానికి గుండె కావాలి. 2021లో వచ్చిన ఈ పన్నెండు భాగాలనూ మా పిల్ల మూడేసిసార్లు చూసింది. బతుకమ్మ పండక్కి బళ్లో పాడింది. గొంతు వణికింది, కాని దిగలేదు. చివరిదాకా పాడి మరీ దిగింది.

ఇప్పుడిక ఫిర్యాదులోకి వస్తాను.

మా పిల్లను హైదరాబాదులో మేనత్త ఇంట్లో వుంచి, ఇంటరుతోపాటు సంగీతం కూడా చెప్పించాలని మావాడి సంకల్పం. పిల్లకు ఆశ వుంది, అంతకు రెట్టింపు బెదురు వుంది. 2022లో వచ్చిన రెండో భాగాన్ని దాచిపెట్టుకుని, పరీక్షలయ్యాక మొదలుపెట్టింది. అందులో కానోన్ కు సంగీతం చదవడానికి వియన్నా నుంచి పిలుపు వస్తుంది. స్నేహితులను, ఊరును వదిలి పోవాలా వద్దా? మా పిల్ల ఫోనును రెండు చేతులతో పట్టుకుని చూసింది. వాళ్లు పోటీ గెలిచారు. కానోన్ పోతానన్నది. అందరూ వీడ్కోలు చెప్పుకున్నారు. తీరా ఆఖరి నిమిషాల్లో తేలిందేమిటయ్యా అంటే, ఆ ప్రయాణం రద్దు! అంతే, తెర పడింది.

“తాతా, గిదేంది? పోకుండనే అయిపోయిందా?” అంది మా పిల్ల. కాస్సేపాగి, “మల్ల గంతసేపు ఎందుకు ఏడ్పిచ్చిండ్రు?” అంది. నా దగ్గర జవాబు లేదు.

రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. ఈ కథల వరస 2010లో మొదలయింది. ఒక మాసపత్రిక, ఒక పాటల కంపెనీ, ఒక బొమ్మల స్టూడియో కలిసి పెట్టిన వ్యాపారం. మొదటి జట్టు పేరును పత్రిక పాఠకులే పెట్టారు. మొదటి పాటల బిళ్ల తొలి వారంలో అమ్ముడుపోయింది 434. అదే జట్టుకు గొంతులిచ్చిన అమ్మాయిలు 2016లో టోక్యో డోములో వీడ్కోలు కచేరీ చేశారు. అంతటి ఆదరణ వున్న సరుకు గనక, కానోన్ జట్టులో రెండో భాగానికి నలుగురిని కలిపి తొమ్మిదిమందిని చేశారు. 2024లో వచ్చిన మూడో భాగానికి పదకొండుగురు. మనిషి పెరిగితే పాట పెరుగుతుంది, బొమ్మ పెరుగుతుంది, టిక్కెట్టు పెరుగుతుంది. కాని వారాలు మాత్రం ఆ పన్నెండే! అయిదు చీరలకు తెచ్చిన పేకనూలుతో తొమ్మిది చీరలు నెయ్యమంటే మా వూళ్లో నెయ్యగలరు. అంగుళానికి పోగులు తగ్గిస్తే సరి. రంగు అదే, అంచు అదే. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే మాత్రం అవతలి మనిషి కనిపిస్తాడు.

ఉన్నమాట చెప్పాలి. రెండో భాగంలోనూ చిక్కగా నేసిన చోటు ఒకటుంది. గెలవకపోతే కూకూ షాంఘైకి తిరిగి పోవలసి వస్తుందని తెలిసిన సుమిరే అనే పిల్ల, కొత్తగా చేరిన చిన్నవాళ్లను పోటీలోంచి తప్పించమంటుంది. అందరిచేతా చెడ్డ అనిపించుకుంటుంది, కారణం మాత్రం చెప్పదు. ఆ ఒక్క వారానికి నా నమస్కారం. అలా రాయగలిగిన చేతులే చివర చేతులెత్తేశాయే అని నా బాధ.

ఇంట్లోంచి బయలుదేరడమంటే కథలో చిన్న సంగతా? మొక్కపాటి నరసింహశాస్త్రిగారి పార్వతీశం మొగల్తూరులో బయలుదేరబట్టే గదా, 1924 నుంచి మనం నవ్వుతున్నాం! ఆ పుస్తకానికీ తరువాతి భాగాలున్నాయి. నాకు తెలిసినవాళ్లలో మొదటిది పదిసార్లు చదివినవాళ్లున్నారు గాని, మూడోదాకా వెళ్లినవాళ్లు ఇద్దరో ముగ్గురో. అయినా శాస్త్రిగారు పార్వతీశాన్ని ఓడ ఎక్కించారు. రేవులో నిలబెట్టి “ఓడ రద్దు” అనలేదు.

మా పక్కవూరు హనుమాజీపేటలో 1931లో పుట్టిన సి. నారాయణరెడ్డిగారు సిరిసిల్లలోనూ కరీంనగరులోనూ ఉర్దూ మాధ్యమంలో చదువుకుని, ఆ పైన హైదరాబాదు వెళ్లారు. 1988 సంవత్సరపు జ్ఞానపీఠం దాకా వెళ్లారు. ఆనాడు కరీంనగరులో బండి ఎక్కబోతున్న ఆ కుర్రవాణ్ణి ఎవరో భుజం తట్టి, “ఏమోయ్, నీ ప్రయాణం రద్దు, ఇంటికి పో” అన్నారనుకోండి! ఈ మాటే మా పిల్లకు చెప్పాను. “ఆయిన పెద్దాయిన తాతా” అంది. అప్పుడు చిన్నాయనే గదే అన్నాను. వినిపించుకోలేదు.

“మూడో భాగం గూడ వున్నది గద బిడ్డా, చూద్దామా?” అని అడిగాను.

“నువ్వే చూడు తాతా” అంది.

ఒక్కణ్ణే చూడాలంటే ఆ ఇంగ్లీషు అక్షరాలు నాకంటే వేగంగా పరిగెడతాయి.

సోమవారం పొద్దున బస్సు. పెట్టె వాళ్ల నాయనమ్మ సర్దుతున్నది. మామిడికాయ తొక్కు సీసా పట్టడానికి ఇప్పటికి రెండుసార్లు బట్టలు బయటికి తీసింది. పిల్ల గుమ్మంలో కూచుని వుంది. ఇంట్లో ఎవరి ఫోను మోగినా తల ఎత్తి చూస్తున్నది.